సాన్నిహిత్యం: ఉంది / లేదు

ఫారం మూడోసారి తిరిగొచ్చేసరికి కార్యదర్శికి ఒళ్లు మండింది. పోస్టులో కాదు, మనిషిగా వెళ్లి అడుగుదామని చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ బయలుదేరాడు.

అతనిది చిన్న సంస్థ. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసిన రోగులకి చక్రాల కుర్చీలు, నడక కర్రలు, మడత మంచాలు ఉచితంగా ఎరువిస్తారు. కోలుకున్నాక వెనక్కి తెచ్చుకుంటారు. సంస్థకి డెబ్భై రెండు కుర్చీలు, ఒక పాత వ్యాను, ఒక కార్యదర్శి ఉన్నారు. ఏ వస్తువు గడప దాటినా పుస్తకంలోకి ఎక్కాల్సిందే. ఏమిటి, ఏ రంగు, ఎవరికి, ఎప్పటిదాకా అని రాసుకోవడం అతనికి ఊపిరి పీల్చుకోవడమంత అలవాటైపోయింది.

ఆ మధ్య రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది. స్వచ్ఛంద సంస్థ నడిపేవాళ్లు తమ జీతమెంతో, చుట్టాల్లో ఎవరికి ఉద్యోగాలిచ్చారో, ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నారో ఏటా రాసివ్వాలి. ప్రభుత్వం దాన్ని వెబ్‌సైటులో పెడుతుంది. ఎవరైనా చూడొచ్చు. ఎవరూ చూడరని అందరి ధీమా.

ఫారాలు తీసుకునే ఆఫీసులో నాలుగు కిటికీలు. అతని సంస్థ ఫైలు మూడో కిటికీది. అద్దంలో చెయ్యి పట్టేంత సందు, దాని వెనక ఒక అమ్మాయి. ఆమె హోదా పరిశీలకురాలు. కళ్లు పెద్దవి. వాటితో ఆమె కాగితాల్ని తప్ప దేన్నీ చూస్తున్నట్టు లేదు.

"మేడమ్, ఈ ఫారంలో ఏం తక్కువైంది?"

"జీతం."

"నేను తీసుకోవడం లేదు. సున్నా అని రాశాను కదా."

"చూశాను. సున్నా అయితే ఎలా బతుకుతున్నారు?"

క్యూలో వెనకున్న ఇద్దరు జవాబు వినడానికి అర అడుగు ముందుకు జరిగారు.

"మా అమ్మ పెడుతుంది."

"ఏం పెడుతుంది?"

"భోజనం."

"రోజుకి ఎన్ని పూటలు?"

"మూడు. ఆదివారం రెండు. ఆలస్యంగా లేస్తాను."

ఆమె రాసుకుంది. "అయితే మీ అమ్మగారు సంస్థకి దాత. దాతల కాలమ్‌లో ఆవిడ పేరు రాయండి. పూటకింత అని విలువ కట్టండి."

"అమ్మ పెట్టే తిండికి విలువ కట్టాలా?"

"మార్కెట్ రేటు చాలు."

అతను ఫారం తీసుకుని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, కోపంగా ఏమీ అనలేదని. ఇస్త్రీ దండగైంది.

అమ్మది ఇంటి కిందే కుట్టు దుకాణం. మెషిన్ ఆపకుండానే అంతా విన్నది.

"ఎన్నాళ్ల నుంచి పెడుతున్నానో రాశావా?"

"ఈ ఏడాదిదే అడిగిందమ్మా."

"పుట్టినప్పటి నుంచీ రాయి. చదవనీ. ఒరేయ్, మార్కెట్ రేటు అంటే ఏ హోటల్ రేటు? చిన్న హోటల్ వేశావో, రేపటి నుంచి నీకు చిన్న హోటల్ తిండే."

పెద్ద హోటల్ రేటు వేశాడు. ఆ లెక్కన అమ్మ సంస్థకి అందరికంటే పెద్ద దాత అయి కూర్చుంది. ఆ తర్వాత ఫారం ఆమోదమై వెబ్‌సైటులో ఎక్కిన వారానికి ఇద్దరు ఖాతాదారులు వచ్చి, ఇంత దానం చేసే మనిషివి కుట్టు కూలి కాస్త తగ్గించవా అని నిలదీశారు. ఎవరూ చూడరన్న ధీమాకి అది మొదటి దెబ్బ. అమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. దానం మాత్రం ఆపలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు అతను పూటల పట్టిక, రసీదులు, వస్తువుల పుస్తకం అన్నీ సంచిలో పట్టుకెళ్లాడు. పరిశీలకురాలు ముప్పావుగంట చూసింది. వేలితో ఒక్కో వరుసా కిందికి దిగుతూ వచ్చి, చివరి వరుస దగ్గర ఆగింది. ముఖం చిన్నబోయింది.

"తప్పేమీ లేదు" అంది.

"బాధపడకండి మేడమ్."

ఆమె తలెత్తింది. అతని కళ్లలోకి నేరుగా చూడడం అదే మొదటిసారి. నవ్వు రాకుండా ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కోవడం సందులోంచి అతనికి స్పష్టంగా కనిపించింది. ఆ రాత్రి అతనికి పడుకోగానే నిద్ర పట్టింది. తెల్లారి లేచాక మాత్రం ఆ పెదవే గుర్తొచ్చింది.

మూడోసారి వెళ్లడానికి పనేమీ లేదు. అయినా వెళ్లాడు.

"ఇంకేమైనా అభ్యంతరాలున్నాయా మేడమ్?"

"లేవు. మీ ఫారం ఆమోదించేశాం."

"బాగా చూశారా?"

"రెండుసార్లు చూశాను."

"ఇంకోసారి చూడండి. నేను కూర్చుంటాను."

"మీకు పనీపాటా లేదా?"

"ఉంది. జీతమే లేదు."

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ఐదింటికి ఆఫీసు మూసేసరికి వాన ఇంకా పెద్దదైంది. వరండాలో అందరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. అతని పక్కన చోటుంటే ఆమె వచ్చి నిలబడింది. అద్దం అడ్డం లేకుండా చూస్తే ఆమె అనుకున్నదానికంటే పొట్టి. ఈ సంగతి అతనికి ఎందుకు అంత సంతోషం కలిగించిందో చెప్పడం కష్టం.

"గొడుగు లేదా?" అంది.

"డెబ్భై రెండు కుర్చీలున్నాయి. గొడుగు లేదు."

"నాది తీసుకెళ్లండి. మా బస్సు గుమ్మం దాకా వస్తుంది."

"ఎప్పుడు తిరిగివ్వాలి?"

"వాన తగ్గాక ఎప్పుడైనా."

"అలా కాదు. వాపసు తేదీ లేకుండా మేం ఏదీ ఇవ్వం, పుచ్చుకోం."

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదని తేలింది. "శుక్రవారం" అంది.

అతను వీధి మలుపు తిరిగేసరికే వాన ఆగిపోయింది. గొడుగు మాత్రం ఇల్లు చేరేదాకా ముడవలేదు. ఎదురొచ్చినవాళ్లు ఆకాశం వంక చూసి, అతని వంక చూసి, పక్కకి తప్పుకున్నారు. శుక్రవారం తీసుకెళ్లి ఇచ్చాడు. ఆమె విప్పి, ఊచలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, "సరే" అంది. మరో పావుగంట మాట్లాడుకున్నారు. వానల గురించే.

ఆ వారమే మూడు నెలలకోసారి ఇచ్చే చిన్న ఫారం నింపాల్సి వచ్చింది. 'ఈ కాలంలో అందిన వస్తువులు' అనే కాలమ్ దగ్గర అతని చెయ్యి అలవాటు ప్రకారం కదిలింది. గొడుగు, ఒకటి. రంగు నలుపు. ఇచ్చినవారు పరిశీలకురాలు, మూడో కిటికీ. శుక్రవారం వాపసు, ఊచలు సరి. అతనికి ఇందులో ఏమీ విడ్డూరంగా తోచలేదు. ఎరువు తెచ్చుకుని రాయకపోతేనే తప్పు. బటన్ నొక్కాడు. చిన్న ఫారాలు ఎవరూ చూడకుండానే నేరుగా వెబ్‌సైటులోకి ఎక్కేస్తాయి.

ఇక రెండో దెబ్బ. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన పేపరు మానేసి రోజూ పొద్దున్నే ఆ వెబ్‌సైటు చదువుతారు. రాష్ట్రం మొత్తంలో ఆ పని చేసేది ఆయనొక్కరే. ఎవరి మీదా ద్వేషం లేదు, చిన్న లెక్క కూడా తప్పకూడదంతే. ఆయన ప్రభుత్వానికి ఒక ఉత్తరం రాశారు. పరిశీలించే మనిషి, పరిశీలనలో ఉన్న మనిషికి గొడుగు ఇవ్వవచ్చునా అని అందులో ఒకే ప్రశ్న.

సోమవారం కార్యదర్శి మూడో కిటికీ దగ్గరికి వెళ్లేసరికి ఆమె ముఖం ఎర్రగా ఉంది.

"గొడుగు రాశారా?"

"రాశాను."

"ఎందుకు?"

"ఎరువు తెచ్చుకున్నాను కదా."

"రంగు కూడా రాశారు!"

"నలుపే కదా?"

"నలుపే!" అంది పళ్లు నూరుతూ. సందులోంచి ఒక కవరు ఇవతలికి తోసింది. "మీకూ నాకూ ఒకటే నోటీసు. ఒకటే ప్రశ్న. మనిద్దరి మధ్య సాన్నిహిత్యం ఉందా, లేదా? విడివిడిగా రాసివ్వాలి. ఒకటో తారీకు ఉదయం పది గంటలకి రెండూ వెబ్‌సైటులో పెడతారు. అప్పటిదాకా మనం మాట్లాడుకోకూడదు. ఇదే ఆఖరి మాట."

"లేదంటే ఏమవుతుంది?"

"ఫిర్యాదు కొట్టేస్తారు. నేను ఇదే సీట్లో ఉంటాను."

"ఉందంటే?"

"రికార్డు రూములో పడేస్తారు. వెనక బిల్డింగులో, కింద." ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఈ సీటు కోసం మూడేళ్లు పరీక్షలు రాశానండి."

అతను ఏదో అనబోయాడు. ఆమె కిటికీ తలుపు వేసేసింది.

ఇంటికొచ్చి అతను కాగితం ముందు కూర్చున్నాడు. ఉంది, లేదు. రెంటి పక్కనా చిన్న గడులు. అమ్మ మెషిన్ దగ్గర్నుంచి లేచి వచ్చి అతని భుజం మీదుగా చదివింది.

"ఉందా?" అంది.

"గొడుగు ఇచ్చింది."

"అది వాన. నీ సంగతి చెప్పు."

అతనికి అమ్మ ముందు అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పడం అంతకంటే చేతకాదు. "నాకైతే ఉందమ్మా" అన్నాడు చివరికి. "చాలా ఉంది. కానీ ఉందని రాస్తే ఆవిడ సీటు పోతుంది."

"ఆ కిటికీ అమ్మాయికి నువ్వంటే ఇష్టమేనా?"

"తెలీదు. అడగడానికి వీల్లేదు."

కాసేపు ఆలోచించి 'లేదు' పక్కన టిక్కు పెట్టాడు. ఆ టిక్కు పెట్టడానికి అతనికి పట్టినంత సేపు పెద్ద ఫారం మొత్తం నింపడానికి కూడా పట్టలేదు. జన్మలో ఫారంలో అబద్ధం రాయడం అదే మొదటిసారి. అమ్మ వంటింట్లోకి వెళ్లి, ఆ పూట చిన్న హోటల్ తిండి పెట్టింది.

ఒకటో తారీకు ఉదయం పది గంటలకి అతను ఫోన్‌లో వెబ్‌సైటు తెరిచాడు. తన జవాబు కనిపించింది: లేదు. దాని పక్కనే ఆమె జవాబు.

ఉంది.

అతను పేజీ మూసి మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే. ఐదోసారి తెరిచినా మారలేదు. ముందు పట్టలేనంత సంతోషం, వెంటనే సిగ్గు. ఆమె తనకున్నదంతా తీసి బల్ల మీద పెట్టింది. తను ఆమెని కాపాడుతున్నాననుకుంటూ, రాష్ట్రమంతా చూసేలా ఆమె ఎవరో తనకి తెలియదన్నట్టు రాశాడు. ఆమె కూడా ఇప్పుడు ఇదే పేజీ చూస్తూ ఉంటుందన్న ఆలోచన రాగానే అతను ఫోన్ బోర్లా పెట్టేశాడు.

ఫోన్ మోగింది. లెక్కల మాస్టారు.

"బాబూ, నీ నంబరు వెబ్‌సైటులోనే ఉంది. ఒకే ప్రశ్నకి రెండు జవాబులొచ్చాయి. మీ ఇద్దరిలో ఒకరిది తప్పు. ఎవరిదంటావ్?"

"నాదేనండి."

"అయితే నేను ప్రభుత్వానికి రాస్తాను. ఏమీ అనుకోకు."

విచారణ గురువారం. డైరెక్టరు గారు మరో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. సర్వీసులో ఎన్ని దొంగ రసీదులు చూశారో లెక్కలేదు గానీ, ఇలాంటి వ్యవహారం ఆయన బల్ల మీదికి రావడం ఇదే ప్రథమం. ఒక పక్క పరిశీలకురాలు, ఇంకో పక్క కార్యదర్శి. గుమ్మం పక్క కుర్చీలో అమ్మ. అతిపెద్ద దాతకి విచారణలో కూర్చునే హక్కుందని చట్టంలో రాసి ఉందట. ఆవిడే వెతికి పట్టుకుంది.

"ఇద్దరిలో ఒకరు తప్పుడు సమాచారం ఇచ్చారు" అన్నారు డైరెక్టరు. "ఎవరు?"

"నేనండి" అని లేచి నిలబడ్డాడు కార్యదర్శి.

"తెలియకనా?"

"తెలిసే. ఉందని రాస్తే ఆవిడ సీటు పోతుందని."

పరిశీలకురాలు మొదటిసారి అతని వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో మాత్రం నిప్పులే.

"నా సీటు కాపాడమని మిమ్మల్ని నేనడిగానా?"

"మాట్లాడుకోకూడదన్నారు కదా."

"అందుకని అబద్ధం రాస్తారా? ఊచలు సరి అని రాసిన మనిషి!"

"ఒక్కటే రాశానండి."

"ఆ ఒక్కటీ నా గురించా? రాష్ట్రంలో ప్రతివాళ్ల చేతా నిజం రాయించే సీటండీ అది. లేదని రాసి అందులో కూర్చుంటే, రేపు ఇంకొకళ్ల ఫారం ఏ ముఖం పెట్టుకుని తిప్పి పంపాలి?" ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "పది గంటలకి ఆ పేజీ తెరిచాక, నాకొక్కదానికే ఉందేమో అనుకున్నాను. మూడు రోజులు అలాగే అనుకున్నాను."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. "ఉంది" అన్నాడు. "మీకంటే నాకే ఎక్కువుంది."

"ఎంత ఎక్కువ అన్నది ఫారంలో అడగలేదు" అన్నారు డైరెక్టరు, డ్రాయరులోంచి రెండు కాగితాలు తీస్తూ. "ఇవి సవరణ పత్రాలు. సాన్నిహిత్యం ఎప్పటి నుంచి, కారణం ఏమిటి. రెండే కాలమ్‌లు. చెరొకటీ నింపి మార్చుకోండి. ఒకరిది ఒకరు చదివి సంతకం పెట్టాలి."

గదిలో కాసేపు రెండు పెన్నుల చప్పుడే వినిపించింది. అమ్మ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది.

అతను రాసింది చిన్నదే. సెప్టెంబరు పదకొండు, మధ్యాహ్నం. కారణం: నా లెక్కలో తప్పు దొరకలేదని ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను ఓదారిస్తే నవ్వు ఆపుకున్నారు.

ఆమె కాగితం అతని చేతికొచ్చింది. తేదీ దగ్గరే ఆగిపోయాడు. పోయినేడాది జూలై పద్దెనిమిది. అప్పటికి అతను ఆ ఆఫీసు మెట్లు కూడా ఎక్కలేదు. ఇంకో ఏడాది దాటాక గానీ ఎక్కడు. పొరపాటేమో అనుకుని కారణం చదివాడు.

'సంస్థల ఫారంలో "ఈ ఏడాది జరిగిన పొరపాట్లు" అని ఒక కాలమ్ ఉంది. అందరూ లేవు అని రాస్తారు. నేను ఉద్యోగంలో చేరిన తొలి నెలలో మూడొందల ఫారాలు చదివాను. మూడొందల్లోనూ లేవు. ఈయన రెండు పేజీలు రాశారు. ఒక తాతగారికి పొట్టి కర్ర ఇచ్చామని, ఆయన నెల రోజులు వంగి నడిచారని, ముందే వెళ్లి చూడకపోవడం తన తప్పేనని రాశారు. ఆ రెండు పేజీలు నేను చాలాసార్లు చదివాను. ఈ ఏడాది జీతం సంగతి ఒక్క ఫోన్‌తో తేలిపోయేది. మూడోసారి ఫారం తిప్పి పంపడానికి నియమాల్లో కారణం లేదు. ఆ రాసిన మనిషిని చూడాలనిపించింది. ఇది నా తప్పు.'

అతను సంతకం పెట్టాల్సిన చోట పెన్ను పెట్టాడు. సంతకం మాత్రం రావడం లేదు. కారణం ఇంకోసారి చదివి, అప్పుడు పెట్టాడు.

డైరెక్టరు రెండు కాగితాలూ చదువుకుని కళ్లజోడు తీశారు. "ఏమ్మా, ఈ మూడోసారి సంగతి నిన్నెవరూ అడగలేదే!"

"కాలమ్ అడిగింది సార్."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత తీర్పు చదివారు. పరిశీలకురాలు సోమవారం నుంచి రికార్డు రూము, పైగా ఒక మెమో. కార్యదర్శి పేరు పక్కన వెబ్‌సైటులో ఏడాదిపాటు ఎర్ర గుర్తు. సంస్థ ఫైలు నాలుగో కిటికీకి బదిలీ.

"అభ్యంతరాలేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నారు.

"లేవు సార్" అంది ఆమె.

"లేవండి" అన్నాడు అతను.

"నాకుంది" అంది అమ్మ, కుర్చీలోంచి లేస్తూ. "ఆ ఎర్ర గుర్తు కింద కారణం కూడా రాయించండి. అమ్మాయి ఉద్యోగం పోతుందని అబద్ధం ఆడాడని. ఊరికే గుర్తొక్కటీ పెడితే వాడు కుర్చీలు కాజేశాడనుకుంటారు జనం."

డైరెక్టరు ఒక్క క్షణం ఆలోచించి, సబబే అని రాసుకున్నారు. "ఇక వెళ్లండి" అని, వాళ్లు గుమ్మం దాటుతుంటే, "ఇకనుంచి మీరిద్దరూ మాట్లాడుకోవచ్చు" అన్నారు.

వరండాలో ఎండగా ఉంది. అమ్మ నోటీసు బోర్డు దగ్గర ఆగిపోయి, పోయినేడాది సెలవుల జాబితా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది.

మాట్లాడుకోవచ్చు అన్నాక ఇద్దరికీ ఒక్క మాటా దొరకలేదు. ఇంతకాలం వాళ్ల మధ్య ఎప్పుడూ ఒక కాగితం ఉండేది. ఇప్పుడు అతని చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"మీ సీటు..." అన్నాడు.

"పోయింది. రాత్రంతా ఏడ్చాను. ఇంకా ఏడుస్తానేమో కూడా." ఆమె ముక్కు తుడుచుకుంది. "కానీ రాసినందుకు కాదు."

"మీరు రాసింది నేను చదివాను. నేను రాసింది మీరు చదివారు. ఇంకా చెప్పడానికి ఏముంది?"

"ఉంది. అదంతా మనం ప్రభుత్వానికి చెప్పుకున్నది. నాతో మీరింకా ఏమీ అనలేదు."

అతను గొంతు సవరించుకున్నాడు. నోటీసు బోర్డు దగ్గర కాగితం చదవడం ఆగిపోయినట్టు అనిపించినా పట్టించుకోలేదు.

"నువ్వంటే నాకిష్టం" అన్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటాను" అంది ఆమె, వెంటనే.